తయారీ కంపెనీ సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఇది మొన్న జరిగింది. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గేవరకు ఆగితే సగం విషయాలు మింగేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను. ఏ డీలర్ కిందా పనిచేయకుండా, సొంతంగా ఆఫీసులకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు బిగించే నాలాంటి వాళ్ల కోసం ఇది. తయారీ కంపెనీ సర్టిఫికెట్ తీసుకుంటే మంచిదా కాదా అని ఆలోచిస్తున్నవాళ్లు తప్పకుండా చదవండి.

కంపెనీ పేరు రాయను. వాళ్ల శిక్షణ ప్రకటనలు ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చూసే ఉంటారు. మొదట ఆన్‌లైన్ పాఠాలు, తర్వాత ఐదు రోజుల తరగతి, చివర పరీక్ష. ఫీజు నా జేబులోంచే కట్టాను. ఆ ఐదు రోజులూ ఒక్క పనీ ఒప్పుకోలేదు. మొదటిసారే పాసయ్యాను, సర్టిఫికెట్ వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి కొటేషన్ పైనా ఆ నంబరు వేసుకున్నాను.

ఇక మొన్నటి సంగతి. చాలా కాలంగా నేను చూసుకుంటున్న ఒక ఆఫీసులో ఎక్స్ఛేంజికి మెదడులాంటి ప్రాసెసర్ కార్డు పోయింది. కొత్త కార్డు పెట్టి, నేను దాచి ఉంచిన బ్యాకప్ నుంచి ప్రోగ్రామింగ్ ఎక్కించాను. గంటలో ఎక్స్‌టెన్షన్లన్నీ పనిచేశాయి. వాయిస్ మెయిల్, సిప్ ట్రంకులు (నెట్‌వర్క్ మీదుగా బయటి కాల్స్ మోసే లైన్లు) మాత్రం లేవలేదు. వాటి లైసెన్సులు పాత కార్డు సీరియల్ నంబరుకు ముడిపడి ఉన్నాయి, కొత్త కార్డుకు మార్చాలంటే కంపెనీ కొత్త కీ, అంటే లైసెన్సు తెరిచే కోడ్, ఇవ్వాలి. ఆ లైసెన్సులకు ఆ ఆఫీసువాళ్లు ఎప్పుడో పూర్తి డబ్బు చెల్లించారు. కొత్తగా కొనేది ఏమీ లేదు. కానీ అప్పటివరకు బయటి నుంచి ఒక్క కాల్ కూడా లోపలికి రాదు.

కంపెనీ సాంకేతిక సహాయ విభాగానికి ఫోన్ చేశాను. ఇందుకోసమే కదా సర్టిఫికెట్ తీసుకున్నది! అవతలి వ్యక్తి మర్యాదగానే మొదలుపెట్టాడు. పాత కార్డు సీరియల్ నంబరు అడిగాడు, చెప్పాను. కొత్త కార్డుది అడిగాడు, చెప్పాను. ఏ ఆఫీసు, ఎక్కడ, ఎవరితో మాట్లాడాలి, వాళ్ల ఫోన్ నంబరు ఏమిటి, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. అవన్నీ రాసుకున్న తర్వాత చివరగా, "మీ డీలర్ నంబరు చెప్పండి" అన్నాడు.

డీలర్ నంబరు లేదు, సర్టిఫికెట్ నంబరు ఉందని చెప్పాను.

"అది మీరు పరీక్ష పాసయ్యారని చెప్పే నంబరు అండి. మేం డీలర్లతో మాత్రమే మాట్లాడతాం."

మరి ఈ వివరాలన్నీ ఎందుకు తీసుకున్నారని అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇదంతా రాసేవాణ్ణి కాను. నలభై నిమిషాల తర్వాత ఆ ఆఫీసు మేనేజర్ గారి సెల్‌ఫోన్ మోగింది. నేను పక్కనే ఉన్నానని ఆయన స్పీకర్ పెట్టారు. మాట్లాడింది ఆ కంపెనీ డీలర్. మీ ప్రాసెసర్ కార్డు పోయిందట కదా అని మొదలుపెట్టి, నేను కాసేపటి క్రితం చెప్పిన సీరియల్ నంబరును అంకె పొల్లుపోకుండా చదివాడు. ఆ తర్వాత అన్న మాట నా చెవుల్లో ఇంకా మోగుతోంది: "మీ దగ్గర పనిచేస్తున్న వ్యక్తికి కంపెనీ అనుమతి లేదు. ఆయన చేయి పెట్టిన సిస్టమ్‌కు వారంటీ రాకపోవచ్చు. మీరు మాతో సంవత్సర నిర్వహణ ఒప్పందం చేసుకుంటే రేపు పొద్దున్నే మనిషిని పంపిస్తాం."

ఆ కంపెనీ సంతకం ఉన్న సర్టిఫికెట్ అప్పుడు నా సంచిలోనే ఉంది.

మేనేజర్ గారు ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశారు. గొంతు పెంచలేదు. "మీకు సర్టిఫికెట్ ఉందన్నారు కదా?" అన్నారంతే. ఇన్నేళ్ల పరిచయంలో ఆయన నన్ను అనుమానించడం అదే మొదటిసారి. నేను ఏం చెప్పినా సాకులాగే వినిపిస్తుందని నాకే తెలిసిపోయింది. తిట్టి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

మర్నాడు డీలర్ మనిషి వచ్చి పది నిమిషాల్లో కీ ఎక్కించాడు. కుర్రవాడు మంచివాడే, అతని మీద నాకు కోపం లేదు. మాటల్లో తెలిసింది, అతను ఈ పరీక్ష రాయనే లేదు. వాళ్ల సంస్థలో ఇద్దరు పాసయ్యారు, డీలర్‌షిప్ నిలబెట్టుకోవడానికి అది చాలు. వెళ్లేముందు అవుట్‌గోయింగ్ కాల్స్ ఏ ట్రంకు మీదుగా వెళ్లేలా పెట్టారని నన్నే అడిగి రాసుకున్నాడు. పరీక్ష రాయని అతనికి కీ ఇచ్చారు, రాసిన నాకు ఇవ్వలేదు. సర్టిఫికెట్ మనిషిదైనా హక్కులు డీలర్ ఒప్పందం ఉన్న సంస్థవి. ఆ తేడా నాకు డబ్బు కట్టాక తెలిసింది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. శిక్షణకు పేరు నమోదు చేసుకునేటప్పుడు ఒప్పుకున్న షరతులను మొన్న రాత్రి తీసి చదివాను. ఈ ధ్రువీకరణ వల్ల లైసెన్సులు పొందే హక్కు గానీ, సాంకేతిక సహాయం పొందే హక్కు గానీ రాదని స్పష్టంగానే ఉంది. నేను ఆ పేజీ చదవకుండానే గడిలో టిక్కు పెట్టాను. కొటేషన్‌లో ఒక్క అంకె తేడా వస్తే రాత్రంతా నిద్రపోని నేను ఆ పని ఎలా చేశానో నాకే అర్థం కావడం లేదు.

శిక్షణలో ఏమీ నేర్చుకోలేదని అంటే అబద్ధమవుతుంది. నెట్‌వర్క్ భాగం బాగా చెప్పారు. మాట ఒకవైపే వినిపిస్తే నాట్ (లోపలి నెట్‌వర్క్ చిరునామాలను బయటి చిరునామాగా మార్చే చోటు) దగ్గర మాటను మోసే ఆర్టీపీ ప్యాకెట్లు దారి తప్పుతున్నాయా అని చూడటం, రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ (కాల్ సందేశాలను మధ్యలో మార్చే సదుపాయం) ఆపి చూడటం, కాల్ కలిసిన 32 సెకన్లకే తెగిపోతుంటే జవాబు అందిందని తెలిపే ఏసీకే సందేశం చేరుతోందో లేదో చూడటం, మాటను డిజిటల్‌గా మార్చే జీ.711 పద్ధతిలో సెకనుకు 64 కిలోబిట్ల మాటకు ఈథర్నెట్ మీద దాదాపు 87 కిలోబిట్లు లెక్క వేసుకోవడం. ఇవన్నీ నాకు రోజూ పనికొస్తున్నాయి. కానీ ఇవేవీ ఆ కంపెనీ సొత్తు కాదు. కాల్స్ కలిపే సిప్ ప్రమాణం 2002 నుంచి ఆర్ఎఫ్‌సీ 3261 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం పేరుతో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంది. ఏ కంపెనీ పెట్టె తెచ్చినా ఈ తెలివి పనికొస్తుంది. ఆ కంపెనీకే ప్రత్యేకమైనదల్లా ఏ మెనూలో ఏ బటన్ ఉందన్నదే, అదీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే మారిపోతుంది.

ఆ కంపెనీలైనా ఎంతకాలం ఉంటాయి? 2009 జనవరిలో కెనడా టెలికాం పరికరాల కంపెనీ నోర్టెల్ దివాలా రక్షణ కోరింది. ఆ ఏడాది చివరికి దాని ఆఫీసు టెలిఫోన్ల వ్యాపారం దాని పోటీదారు అవాయా చేతికి వెళ్లింది. ఆ అవాయా కూడా 2017లో ఒకసారి, 2023లో మరోసారి దివాలా కోర్టు మెట్లెక్కింది. తోషిబా 2017లో అమెరికాలో టెలిఫోన్ సిస్టమ్‌ల వ్యాపారం నుంచి తప్పుకుంది. సిస్కో 2020 ఫిబ్రవరిలో తన నెట్‌వర్క్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ శాఖల్లో చాలావాటిని కలిపి ఒకే పరీక్ష చేసింది, అది పాసైనా మూడేళ్లే చెల్లుబాటు. ఉద్యోగిగా ఉండి, సంస్థ ఫీజు కడితే ఇదంతా భరించవచ్చు. డీలర్ కావాలనే ఉద్దేశం ఉన్నా పరీక్ష తప్పదు. సొంత డబ్బుతో, ఒక్కడిగా పనిచేసేవాడికి మాత్రం ఈ బరువు వేరు.

చివరగా ఒకటి రెండు మాటలు. డబ్బు కట్టే ముందు కంపెనీకి ఉత్తరం రాయండి: లైసెన్సు కీ నా పేరు మీద ఇస్తారా, సహాయ విభాగం నాతో మాట్లాడుతుందా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు నాకు అందుతాయా? జవాబు రాతపూర్వకంగా వస్తేనే ముందుకు వెళ్లండి. సహాయ విభాగానికి ఫోన్ చేసినప్పుడు, మీకు సాయం చేస్తామని వాళ్లు చెప్పేవరకు కస్టమర్ పేరు, నంబరు చెప్పకండి. నేను చేసిన అసలు పొరపాటు అదే.

మేనేజర్ గారి నంబరు డీలర్‌కు ఎవరిచ్చారని అడుగుతూ కంపెనీకి ఉత్తరం పంపాను. ఇంకా జవాబు లేదు. అదే ఆఫీసులో రెండో అంతస్తు కేబులింగ్ పని నాకే ఇస్తానని మేనేజర్ గారు పోయిన నెలలో మాట ఇచ్చారు. నిన్నటి నుంచి ఆయన నా ఫోన్ ఎత్తడం లేదు.