యాక్టివా, పాసివా: ఇంగ్లిష్ వాక్యంలో ఏది ఎప్పుడు?

"నా ఫోన్ కొట్టేశారు" అంటాం. ఎవరు కొట్టేశారో చెప్పకపోయినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ఇంగ్లిష్‌లో మామూలుగా కర్త చోటు ఖాళీగా ఉంచరు. అందుకే ఫోన్‌నే ముందుకు తెచ్చి "మై ఫోన్ వాజ్ స్టోలెన్" అంటారు. ఇలా పనికి గురైనదాన్ని ముందు పెట్టే వాక్యమే పాసివ్. దానికి అసలైన చోటు ఇదే: చేసినవారు తెలియనప్పుడు, లేదా చెప్పనక్కర్లేనప్పుడు. ల్యాబ్ రికార్డులో "ద సొల్యూషన్ వాజ్ హీటెడ్" అని రాసేదీ ఇందుకే. వేడిచేసింది ఎవరన్నది అక్కడ లెక్కలోకి రాదు.

చేసినవారు ముఖ్యమైతే, వారినే ముందు పెట్టే యాక్టివ్ మేలు. "రవి పెయిడ్ ద బిల్" నాలుగు మాటలు, "ద బిల్ వాజ్ పెయిడ్ బై రవి" ఆరు. చివర "బై" కనిపిస్తే ఒకసారి వాక్యాన్ని తిప్పి చూడండి. అయితే ముందు వాక్యం కూడా బిల్లు గురించే అయితే పాసివే సాఫీగా అతుకుతుంది, అప్పుడు మార్చవద్దు.

క్షమాపణ లేఖలో మాత్రం పాసివ్ వద్దే వద్దు. "మిస్టేక్స్ వర్ మేడ్" అంటే బాధ్యత తప్పించుకున్నట్టు వినిపిస్తుంది. "ఐ మేడ్ ఎ మిస్టేక్" అని రాయండి.

మనం తరచూ జారిపోయే చోటు ఇంకొకటి ఉంది: "యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్". హ్యాపెన్, డై, అరైవ్ అకర్మక క్రియలు. ముందుకు తేవడానికి కర్మే లేదు కాబట్టి వీటికి పాసివ్ లేదు. "యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్" అంటే చాలు. ఇక పాసివ్‌లో ఈజ్, వాజ్, వర్ తర్వాత క్రియ మూడో రూపమే రావాలి: "వాజ్ రోట్" కాదు, "వాజ్ రిటెన్".