అత్తయ్య కోసం సంచార్ సాథీ వాడి చూశాక

ఫోన్ మోసాల నుంచి జాగ్రత్తపడటానికి టెలికాం శాఖ వాళ్లు పెట్టిన సంచార్ సాథీని (సైట్ ఉంది, యాప్ కూడా ఉంది) మా అత్తయ్య కోసం వాడుతున్నాను. ఆవిడకి డెబ్బై దాటాయి. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఇందులో ఒక్క సౌకర్యం కోసమైనా పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ దీన్ని తెరిచి చూడాలంటాను.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపించే భాగం అది. పోలీసులమంటూ ఫోన్‌లోనే "అరెస్టు" చేసి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ ముఠాల మొదటి మాట చాలాసార్లు ఒకటే: "మీ ఆధార్‌తో ముంబైలో ఎవరో సిమ్ తీశారు, దాని మీద కేసుంది." అది అబద్ధమని తేల్చుకునే దారి తెలియక పెద్దవాళ్లు హడలిపోతారు. ఆ తర్వాత వీడియో కాల్‌లో ఖాకీ బట్టలు, ఎవరికీ చెప్పొద్దనే బెదిరింపు, చివరికి బ్యాంకు నుంచి డబ్బు పంపించడం. వీడియో కాల్‌లో అరెస్టు చేయడమనేది మన చట్టంలోనే లేదు.

సైట్‌లో నంబరు, క్యాప్చా, ఓటీపీ కొట్టగానే అత్తయ్య పేరు మీదున్న సిమ్‌లు వచ్చాయి. ఒకటి ఆవిడది, రెండోది మా అబ్బాయి వాడేది, మూడోది మామయ్యగారు ఎప్పుడో తీసి పక్కన పడేసింది. ప్రతి నంబరుకీ నాది కాదు, అవసరం లేదు, అవసరం అని మూడు దారులున్నాయి. మూడోదానికి "అవసరం లేదు" అని ఆవిడే నొక్కారు. ఫిర్యాదు నంబరు కూడా వచ్చింది.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటావు, ఇక్కడ కొట్టమంటావేంటమ్మా?" అని అడిగారు. మంచి ప్రశ్నే. మనంతట మనం తెరిచిన ప్రభుత్వ సైట్‌లో మన చేత్తో కొట్టడం వేరు, ఫోన్ చేసినవాడికి చదివి వినిపించడం వేరు అత్తయ్యా అన్నాను. ఈ తేడా సైట్ వాళ్లే పెద్దక్షరాల్లో, తెలుగులో రాసి పెడితే ఎంత బాగుండేది!

అనుమానాస్పద కాల్స్, మెసేజ్‌ల మీద ఫిర్యాదు చేసే 'చక్షు' భాగం మాత్రం పెద్దవాళ్లు ఒంటరిగా చేయగలిగేలా లేదు. ఏ రకం మోసం, ఏ తేదీ, ఎన్ని గంటలకు, స్క్రీన్‌షాట్ అంటూ నింపాల్సినవి చాలా ఉన్నాయి. ఆ పని నేనే చేస్తాను. డబ్బు పోయాక ఇక్కడ రాస్తూ కూర్చోకూడదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును అవతలి ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది.

సంచార్ సాథీ మనకొచ్చే మోసపు కాల్స్‌ని ఆపదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. దీని యాప్ అయితే ఫోన్‌లోని కాల్స్, మెసేజ్‌లు చూసే అనుమతులు అడుగుతుంది. అందుకే అత్తయ్య ఫోన్‌లో వేయలేదు, సిమ్‌లు చూసుకోవడానికి సైట్ చాలు. మా పిన్నిది కీప్యాడ్ ఫోన్. ఆవిడ పక్కనే కూర్చుని సైట్ నా ఫోన్‌లో తెరిచాను, ఓటీపీ ఆవిడ ఫోన్‌కి వచ్చింది, పనైపోయింది.