సంతూర్ పెట్టెతో కోనసీమ: ఎక్కడ దిగాం, ఎక్కడ శ్రుతి నిలిచింది

శ్రావణమాసంలో కోనసీమ వెళ్తున్నామంటే అందరూ పులస గురించే అడిగారు. నా టెన్షన్ మాత్రం గాలిలో తేమ గురించి. నరసాపురం దగ్గర ఒక పల్లెలో స్నేహితుడి కూతురి పెళ్లి. ముందురోజు సాయంత్రం ఓ గంట సంతూర్ వాయించమన్నాడు. ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా, దారిలో నాలుగు ఊళ్లు చూసుకుంటూ వెళ్దామని ముందే బయల్దేరాం. తోడుగా మా బాబాయి కొడుకు వచ్చాడు. వాడిది బుడాపెస్ట్‌లో ఉద్యోగం, సెలవులకి వచ్చాడు. అక్కడ సింబలోమ్ ఎక్కడ వాయిస్తున్నా వెళ్లి కూర్చునే రకం. సింబలోమ్ అంటే హంగరీవాళ్ల సంతూర్ అనుకోండి. దారి పొడుగునా మాకు అవే కబుర్లు.

సంతూర్ చూడనివాళ్లకి రెండు ముక్కలు. (సబ్బు కాదు. ఆ జోకు ఈ ప్రయాణంలో కలిసిన ప్రతివాళ్లూ వేశారు.) ఒక పక్క వెడల్పుగా, ఎదుటి పక్క సన్నగా ఉండే చెక్క పెట్టె. దాని మీద వరసగా గుర్రాలు (తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క దిమ్మెలు), వాటి మీదుగా బిగించిన ఉక్కు తీగలు. కొస వంపు తిరిగిన రెండు కర్ర పుల్లలతో, అంటే కలాలతో, ఆ తీగల మీద కొట్టి వాయించాలి. కశ్మీరులో సూఫియానా సంగీతానికి వాడే సంతూర్‌కి 25 గుర్రాలు, ఒక్కోదాని మీద 4 తీగలు, మొత్తం 100. ఇరాన్‌వాళ్లది 18 గుర్రాలు, 72 తీగలు. చైనావాళ్ల యాంగ్‌చిన్ కొత్త రకాల్లో 144 దాకా ఉంటాయి. ఒక స్వరానికి మూడు నాలుగు తీగలు కలిసి మోగాలి కాబట్టి వాటిలో ఒక్కటి జారినా దెబ్బ పడ్డ ప్రతిసారీ బయటపడిపోతుంది. అందుకే బసలకి నేనిచ్చే మార్కులన్నీ ఒకే లెక్కన వేశాను: రాత్రి శ్రుతి చేసి పడుకుంటే తెల్లారేసరికి ఎంత మిగిలింది?

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున రాజమండ్రిలో దిగాం. వాద్యంతో వెళ్లేవాళ్లు ఏసీ కోచ్‌లో పై బెర్తు తీసుకోండి. పెట్టె తల దగ్గర పెట్టుకుని ముడుచుకుని పడుకోవాలి, కానీ ఎవరి కాళ్లూ తగలవు. స్టేషన్‌కి దగ్గర్లో ఒక హోటల్లో గది దొరికింది. గది శుభ్రంగా ఉంది, కింద టిఫిన్ సెంటర్లో ఇడ్లీ చాలా బాగుంది, రిసెప్షన్ కుర్రాడు అడక్కుండానే లిఫ్టు దాకా పెట్టె పట్టుకొచ్చాడు. కష్టమంతా ఏసీతోనే. అది సరిగ్గా బల్ల మీదకే కొడుతోంది. చల్లగాలికి ముందు తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. కొన్ని గంటలయ్యాక గది గాలి ఆరిపోయి, చెక్క కుంచించుకుని కిందికి దిగుతుంది. ఈలోగా కరెంటు పోయి కిటికీ తీశామంటే గోదావరి మీది తడిగాలికి పైపలక ఉబ్బి గుర్రాల్ని పైకి నెడుతుంది, శ్రుతి మళ్లీ ఎక్కుతుంది. ఆ రాత్రి ఈ మూడూ జరిగాయి. పొద్దున్నే శ్రుతి చేసే తాళంచెవి పట్టుకుని, తీగలు చుట్టిన మేకులు ఒక్కొక్కటీ తిప్పుతూ కూర్చునేసరికి గంటన్నర పోయింది.

మావాడు పక్కన కాఫీ తాగుతూ, "బుడాపెస్ట్‌లో దీనికి ఉపాయం చేశారన్నయ్యా" అన్నాడు. 1874లో షుండా అనే వాద్యాల తయారీదారు సింబలోమ్‌ని పెద్దది చేసి, గట్టి చట్రం బిగించి, నాలుగు కాళ్లు పెట్టి, మోత ఆపడానికి కాలి కింద పెడల్ కూడా అమర్చాడట. దాంతో అది సత్రాల్లోంచి కచేరీ హాళ్లలోకి వెళ్లింది. స్ట్రావిన్‌స్కీ అంతటి స్వరకర్త జెనీవాలో అలాదార్ రాట్స్ వాయిస్తుంటే విని, తనకీ ఒకటి కొనుక్కుని నేర్చుకున్నాడు. అంతా బాగానే ఉందిగానీ, దాన్ని కదపాలంటే మనుషుల్ని పిలవాలి. "దాన్ని పంటు ఎక్కించి గోదావరి దాటించి చూడు, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

రాజమండ్రిలో ధవళేశ్వరం బ్యారేజీ, పక్కనే కాటన్ మ్యూజియం చూశాం. పిల్లలుంటే మ్యూజియం తప్పకుండా చూపించండి. ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా ఎలా కట్టారో నమూనాలు చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కణ్నుంచి రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం. శ్రావణ సోమవారం పడింది కాబట్టి భీమేశ్వరుడి దర్శనానికి బాగానే నిలబడ్డాం. పెట్టె కారులో వదిలేస్తే ఎండకి ఉడికిపోతుందని ఒకరి తర్వాత ఒకరం వెళ్లొచ్చాం. యానాంలో పెట్రోలు చవక, ట్యాంకు నింపుకుని ఎదుర్లంక వంతెన దాటేశాం. యానాం గురించి నా దగ్గర అంతకన్నా చెప్పడానికేం లేదు.

దిండి దగ్గర నది ఒడ్డునే ఒక రిసార్ట్‌లో దిగాం. ఫొటోల కోసం వెళ్లేవాళ్లకి దానికి వంక పెట్టక్కర్లేదు. వరండాలోంచి వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు, సాయంత్రం చేపల వేపుడు. వాద్యానికి మాత్రం రాజమండ్రి హోటల్ కంటే కష్టం. వరండా తలుపు తీసిన ప్రతిసారీ గదిలో వాతావరణం మారిపోతుంది. పైగా సముద్రం దగ్గర కావడంతో గాలిలో ఉప్పు. ఉక్కు తీగల్ని రోజుకి రెండుసార్లు పొడిగుడ్డతో తుడవకపోతే తుప్పు చుక్కలు వస్తాయి. హౌస్‌బోట్ కూడా ఎక్కాం. నది మీద వాయిస్తే ఎలా ఉంటుందోనని మావాడి సరదా. బోటు నడుస్తున్నంతసేపూ ఇంజన్ మోత, ఆగితే జనరేటర్ మోత. నాలుగు తీగలు కలిశాయో లేదో వినాలంటే వాటి మధ్య వచ్చే సన్నని కంపం చెవికి అందాలి, ఆ బోటులో అది అసాధ్యం. భోజనం రేటుకి తగ్గట్టు లేదు, అన్నం చల్లారిపోయి వచ్చింది. మేనేజర్‌తో చెబితే, "సీజనండి, ఏం చేస్తాం" అన్నాడు.

మా ప్రయాణం గట్టెక్కింది ఆ తర్వాతి బసలో. రాజోలు పక్క పల్లెలో ఒక పాత మండువా లోగిలి, పై గదులు రెండు అద్దెకి ఇస్తున్నారు. రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. గుమ్మంలోనే ఆవిడ, "ఆయ్, మా గదుల్లో ఏసీ లేదండి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత అనుకోకూడదు" అన్నారు. నాకు కావలసింది అదే. మందపాటి గోడలు, పెంకుల కప్పు, గదికి ఒకే చిన్న కిటికీ, నెమ్మదిగా తిరిగే ఫ్యాను. తేమ బయట ఎంతుందో లోపలా అంతే ఉంది, కానీ పగలూ రాత్రీ ఒక్కలాగే ఉంది. చెక్కకి తేమ ఉండడం వల్ల వచ్చే కష్టం కంటే అది మారుతుండడం వల్ల వచ్చే కష్టం ఎక్కువ. మొదటి సాయంత్రం శ్రుతి మొత్తం పైకి పోయింది. సరే పోనీ అని ఒక రాత్రంతా ముట్టుకోకుండా నూలు పంచె కప్పి వదిలేశాను. మర్నాడు దించి శ్రుతి చేశాక అక్కడున్నన్నాళ్లూ ఏ ఒకటి రెండు తీగలో తప్ప కదల్లేదు.

భోజనం సంగతి కూడా చెప్పాలి. పనసపొట్టు కూర, గోంగూర, గడ్డపెరుగు. పులస మేమడగలేదు, మాస్టారే ఒక రోజు తెప్పించారు. దాని ఖరీదు ఆయన చెప్పనూ లేదు, మమ్మల్ని ఇవ్వనివ్వనూ లేదు. లోపాలు లేకపోలేదు. బాత్రూము కింద పెరట్లో ఉంది, రాత్రి వానలో దిగి వెళ్లాలి. దోమతెర ఒకటే ఇచ్చారు, రెండోది అడగాలి. వేణ్నీళ్లు కావాలంటే ముందే చెప్పాలి. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను.

రాత్రి భోజనాలయ్యాక మండువాలో కూర్చుని ఫోన్‌కి చిన్న స్పీకర్ తగిలించి ఒక్కో దేశం వాద్యం వినిపించాం. మొదట ఇరాన్, ఫరామర్జ్ పాయ్‌వర్ వాయించినది. వాళ్ల పుల్లలు మన కలాల కంటే సన్నగా, తేలిగ్గా ఉంటాయి. మంద్ర స్వరాలకి ఇత్తడి తీగలు, పై స్వరాలకి ఉక్కు తీగలు వేస్తారు. ఆ తేడా మాస్టారు వెంటనే పట్టేశారు, "కింది స్వరం గొంతు వేరేగా ఉందేంటండీ?" అన్నారు. తర్వాత యాంగ్‌చిన్ పెట్టాం. మింగ్ వంశం చివరి రోజుల్లో సముద్రం మీదుగా చైనా దక్షిణ తీరం చేరిందని చెబుతారు. వెదురు పుల్లలు, కొసన రబ్బరు తొడుగు, అందుకే మోత మెత్తగా ఉంటుంది. ఆవిడ వంటింట్లోంచి, "జలతరంగం కాదూ?" అన్నారు. చైనావాళ్లు దాని అంచున తీగల కింద కదిలే చిన్న ఉక్కు గుళికలు పెట్టారు. కాస్త జారిన తీగని మేకు తిప్పకుండా గుళిక జరిపి సర్దుకోవచ్చు. మా సంతూర్‌లో ఆ సదుపాయం లేదు, ఉంటే రాజమండ్రిలో ఆ గంటన్నర మిగిలేది. స్విట్జర్లాండ్ అప్పెన్‌జెల్ కొండల్లో ఇదే వాద్యాన్ని హాక్‌బ్రెట్ అంటారు, ఫిడేళ్లతో కలిపి డాన్సులకి వాయిస్తారు. అది వినగానే మాస్టారి మనవడు లేచి గెంతులు మొదలుపెట్టాడు.

మావాడు జర్మనీ కథ ఒకటి చెప్పాడు. హెబెన్‌స్ట్రైట్ అనే ఆయన ఈ వాద్యాన్ని చాలా పెద్దదిగా చేయించి, 1705లో పారిస్‌లో పద్నాలుగో లూయీ ముందు వాయించాడు. రాజు ముచ్చటపడి వాద్యానికి ఆయన మొదటి పేరే, పాంటలియోన్ అని పెట్టాడు. తర్వాత డ్రెస్డెన్ దర్బారులో చేరితే తీగల కోసమని విడిగా డబ్బు ఇచ్చేవాళ్లు. అంత ఖర్చు ఎవరు భరిస్తారు? ఆయన తర్వాత అది ఎక్కువ కాలం నిలవలేదు, పియానో వచ్చి ఆ చోటు ఆక్రమించింది. మాస్టారు అంతా విని, "తీగల ఖర్చు నీదే కదా నాయనా, ఇక్కడెవరిస్తారు?" అని నా వైపు చూశారు.

పెళ్లివారింట్లో సాయంత్రం షామియానా కింద వాయించాను. ఫ్యాన్లు నా వైపు తిప్పొద్దని ముందే బతిమాలుకున్నాను. మోహన రాగం ఎత్తుకున్నాను. అదైతే హిందుస్తానీ భూపాలికి దగ్గర, అందరికీ తెలుసు. బాగానే నడిచింది. అయ్యాక సన్నాయి మేళం పెద్దాయన వచ్చి పక్కన కూర్చుని, కలం చేతిలోకి తీసుకుని, ఒక తీగ మీద మెల్లగా తట్టి, మోత ఆగిపోయేదాకా విన్నారు. "మోహనం ఒప్పుకుంటానండి. తోడి మాత్రం దీని మీద పెట్టకండి. గమకం ఎక్కడుందండీ?" అన్నారు.

ఆయన మాటలో న్యాయం ఉంది. గమకమంటే స్వరాన్ని ఊపడం, తోడి రాగం అది లేనిదే కుదరదు. కొట్టిన స్వరం కొట్టినచోటే ఉంటుంది, దాన్ని ఊపడానికి వీల్లేదు. 1955లో బొంబాయిలో శివకుమార్ శర్మ మొదటిసారి సంతూర్ పట్టుకుని కూర్చున్నప్పుడు సంగీతం తెలిసినవాళ్లు పెట్టిన వంక ఇదే. ఆయన తీగలు, గుర్రాలు మార్చి సర్దుకున్నారు, స్టాండు మీద ఉండే పెట్టెని ఒళ్లోకి తెచ్చుకున్నారు, కలాన్ని తీగ మీద సన్నగా జార్చి ఒక స్వరాన్ని ఇంకోదానిలోకి కలిపే పద్ధతి తెచ్చారు. అలా ఒక కొండప్రాంతపు వాద్యాన్ని పెద్ద వేదిక ఎక్కించారు. ఆ జార్చడం నేనూ పెద్దాయనకి వాయించి చూపించాను. ఆయన ఇంకోసారి అన్నారు, ఇంకోసారి వాయించాను. "హిందుస్తానీకి సరిపోతుందిలెండి" అని లేచారు. తోడి గురించి మాత్రం మాట మార్చలేదు. నేనూ వాదించలేదు, ఎందుకంటే దీని మీద తోడి వినాలని నాకూ లేదు.

ఇక దారి సంగతి. రాజోలు వైపు నుంచి నరసాపురానికి దగ్గర దారి సఖినేటిపల్లి పంటు. వెళ్లేటప్పుడు కారుతో సహా దానిలోనే దాటాం. పంటు కుర్రాళ్లు కారుని అంగుళం తేడా లేకుండా పెట్టించారు, దిగేటప్పుడు పెట్టె చేత్తో పట్టుకోమని వాళ్లే చెప్పారు. పెళ్లయ్యేలోపు గోదావరి ఎర్రబడింది. పైన వరద పెరిగితే ముందుగా ఆపేది పంటునే, కాబట్టి శ్రావణ భాద్రపదాల్లో వెళ్లేవాళ్లు పొద్దున్నే ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోండి. అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. పంటు లేకపోతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండి వైపు రావాలి, చుట్టు ఎక్కువే. మా డ్రైవరు ఆ చుట్టుకి అదనంగా అడిగాడు. ముందు మాట్లాడుకున్న కిలోమీటరు రేటు ప్రకారం లెక్క చూస్తే అతనన్నదే సరిగ్గా ఉంది, ఇచ్చేశాం.