హైదరాబాద్‌లో కొల్లూరు వైపు గేటెడ్ కమ్యూనిటీలో 2బీహెచ్‌కే, అద్దెకివ్వడానికి కొన్నా: 5కి 3 స్టార్లు

బిల్డర్ పేరు రాయట్లేదు, ఈ సైడ్ ఎవరి దగ్గర కొన్నా లెక్క అటూఇటుగా ఇదే. నేను ఉండటానికి కాదు, అద్దెకిద్దామని తీసుకున్నా, ఆ కోణంలోనే చదవండి.

ముందు మంచి చెప్పేస్తా. కన్‌స్ట్రక్షన్ బాగుంది, బాత్రూం గోడల అవతల చెమ్మ లేదు, లిఫ్టులు నడుస్తాయి, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దగ్గరే. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నంబర్ వచ్చాకే డబ్బులు తీసుకున్నారు, అది రాకముందే ప్రీలాంచ్ అని తెల్ల కాగితం మీద రసీదు రాసిచ్చే బ్యాచ్ కాదు. అందుకే 3 స్టార్లు.

ఇక ధర. సేల్స్ అబ్బాయి నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, "సార్, ఎస్ఎఫ్టీ 6 వేలు, 1250 ఎస్ఎఫ్టీ, 75 లక్షలు, అంతే" (ఎస్ఎఫ్టీ అంటే చదరపు అడుగు). కాస్ట్ షీట్ ఇవ్వమంటే అప్పుడు కింద చిన్న అక్షరాల్లో కార్ పార్కింగ్ 3 లక్షలు, క్లబ్ హౌస్ 3 లక్షలు అని బయటపడ్డాయి, అంటే అక్కడికే 81. దానిమీద జీఎస్టీ 5%, 4.05 లక్షలు (ఓసీ, అంటే బిల్డింగ్ పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చాక కొంటే ఇది ఉండదు, కానీ అప్పటికి రేటు పెంచేస్తారు). రిజిస్ట్రేషన్ మన తెలంగాణలో అన్నీ కలిపి 7.5%, ఇంకో 6 లక్షల పైనే. కార్పస్ ఫండ్ (పెద్ద రిపేర్ల కోసం అందరి దగ్గరా తీసి పెట్టే నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు కలిపి 1.8 లక్షలు. తాళాలు ఇచ్చేటప్పటికి లోపల ఫ్యాన్ కూడా ఉండదు, కిచెన్ వుడ్‌వర్క్, వార్డ్‌రోబ్‌లు, గీజర్లు, గ్రిల్స్ అంటూ 6 లక్షలు. మొత్తం తిప్పికొడితే 99 లక్షలు. 75 ఎక్కడ 99 ఎక్కడ!

అద్దె 24 వేలు వస్తోంది, మెయింటెనెన్స్ టెనెంట్ కడతాడు. ఏడాదికి 2.88 లక్షలు, 99 మీద చూస్తే 3% కూడా లేదు. అదీ ఏడాది పొడవునా ఖాళీ లేకుండా ఉంటేనే. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు ఒక నెల పోతుంది, ఆ నెల మెయింటెనెన్స్ మనదే, పెయింటింగ్ మనదే, ప్రాపర్టీ ట్యాక్స్ ఎలాగూ మనదే. 60 లక్షలు లోన్ తీసుకుంటే 8.5% మీద 20 ఏళ్లకి ఈఎంఐ 52 వేలు, మొదటి ఏడాది వడ్డీయే 5 లక్షల పైన. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో అద్దెకి మించిన వడ్డీ నష్టాన్ని జీతంలో తగ్గించుకోడానికీ లేదు. పైగా బిల్డింగ్ కడుతున్నప్పుడు ప్రీ ఈఎంఐ (అప్పటిదాకా ఇచ్చిన లోన్ మీద వడ్డీ) ఒక పక్క, మనం ఉండే ఇంటి అద్దె ఇంకో పక్క, ఇది ఏ కాస్ట్ షీట్‌లోనూ రాయరు.

రేటు పెరుగుతుంది కదా అంటారు, పెరగొచ్చు. కానీ అపార్ట్‌మెంట్‌లో పెరిగేది భూమి, బిల్డింగ్ పాతబడేదే, కాబట్టి యూడీఎస్ (స్థలంలో మన ఫ్లాట్‌కి వచ్చే వాటా) ఎన్ని గజాలో డాక్యుమెంట్‌లో చూస్కోండి, క్లబ్ హౌస్‌లో జకూజీ ఉందా లేదా తర్వాత. అమ్మేటప్పుడు కూడా, 2024 జులై 23 తర్వాత కొన్నవాటికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న రేటుని పెంచి లాభం లెక్కగట్టడం) లేదు, రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5%.

మా బావమరిది ఇదంతా చూసి రీట్ యూనిట్లు కొన్నాడు (రీట్ అంటే ఆఫీసులు, మాల్స్ లాంటివి కొని అద్దెల ఆదాయం పంచే ట్రస్టు, దాని యూనిట్లు షేర్లలాగా స్టాక్ మార్కెట్లో కొంటాం). మాదాపూర్ మైండ్‌స్పేస్ ఆఫీసులున్న రీట్ 2020లోనే లిస్టయింది, కూకట్‌పల్లి నెక్సస్ మాల్ కూడా 2023లో వచ్చిన రీట్‌లోదే. ఒక్క యూనిట్ అయినా కొనొచ్చు, పంచదగ్గ క్యాష్‌లో కనీసం 90% పంచాలని సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రూల్, టెనెంట్ ఫోన్ చేసి కుళాయి కారుతోందనడు. కాకపోతే రేటు రోజూ స్క్రీన్ మీద ఊగుతుంటుంది, బ్యాంకోడు దానికి 20 ఏళ్ల లోనూ ఇవ్వడు.

ఇంకో మాట, ఫ్లాట్ ధర 50 లక్షలు, ఆపైన ఉంటే బిల్డర్‌కి ఇచ్చే ప్రతి పేమెంట్‌లో 1% టీడీఎస్ (బిల్డర్ తరఫున ముందే పట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) మనమే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఎక్స్‌ట్రా ఖర్చు కాదు గానీ లేటైతే వడ్డీ, ఫీజు మన నెత్తినే, సేల్స్ ఆఫీసులో అడిగితే తప్ప చెప్పరు.