లాత్వియన్ వినికిడి సాధనకు ఏది మేలు: లీగో పాటలా, పండుగ గురించి చెప్పే మాటలా?

లాత్వియాలో నడివేసవి పండుగ రెండు రోజులు: జూన్ 23న లీగో, 24న యాన్యి. రెండూ ప్రభుత్వ సెలవులే. ఆ రోజుల్లో అక్కడి రేడియోలోనూ ఇళ్ళలోనూ వినబడే మాటలు చాలావరకు ఓక్ ఆకుల కిరీటాలు, జున్ను, బీరు, నెగళ్ళ చుట్టూనే తిరుగుతాయి. ఒకే పదజాలం ఎన్నో గొంతుల్లో మళ్ళీ మళ్ళీ వినబడే ఇటువంటి సందర్భం భాష నేర్చుకునేవారికి తరచుగా దొరకదు కాబట్టి, రీగాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు వినికిడి సాధనకు ఈ పండుగను ఎంచుకోవడం సబబే. అయితే పండుగ పాటలతో మొదలుపెట్టాలా, నేర్చుకునేవారి కోసం నెమ్మదిగా చదివి రికార్డు చేసిన పాఠాలతోనా, ఊళ్ళలో పెద్దలు తమ ఆచారాలను చెప్పుకొచ్చే సంభాషణలతోనా అన్నది తేల్చుకోవాలి.

చాలామంది పాటల వైపే మొగ్గుతారు, అందుకు కారణమూ ఉంది. లాత్వియన్ జానపద గీతాల సేకర్త క్రిష్యానిస్ బారన్స్ 1894 నుంచి 1915 వరకు అచ్చు వేయించిన గీతాలు దాదాపు 2,18,000 కాగా, అవి ఉంచిన బీరువా 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కింది. వాటిలో అధికభాగం నాలుగే పాదాల గీతాలు. లీగో పాటల్లోనైతే పాదం తరువాత ‘లీగో, లీగో’ అనే పల్లవి వస్తుంది, ఆ వ్యవధిలో విన్నదాన్ని మనసులో సర్దుకోవచ్చు. రాతలో ‘లీగో’ అని ఉన్నా చివరి అచ్చును ‘ఉఓ’ అన్నట్టు పలుకుతారన్న సంగతి కూడా పాట వింటేనే చెవికి పట్టుబడుతుంది.

కానీ వినికిడికి అసలు పరీక్ష అచ్చుల నిడివి, పాట దెబ్బతీసేది సరిగ్గా దానినే. లాత్వియన్‌లో ‘కజస్’ అంటే మేకలు, ‘కాజస్’ అంటే పెళ్ళి. ‘మెజ’ అంటే అడవి యొక్క, ‘మెజా’ అంటే అడవిలో. అంటే విభక్తి కూడా కొన్నిచోట్ల నిడివి మీదనే ఆధారపడి ఉంటుంది. హ్రస్వ దీర్ఘాల భేదంతో పుట్టి పెరిగిన తెలుగు చెవికి ఇది వరమే, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు పడే తంటా మనకు ఉండదు. అయితే రాగం హ్రస్వాన్ని సాగదీస్తుంది, ఛందస్సు కోసం పాదం చివర లేని ‘ఇ’కారం వచ్చి చేరుతుంది, ముద్దుపేర్ల ప్రత్యయాలు మామూలు మాటల్లో కంటే ఎన్నో రెట్లు వినబడతాయి. పాటలతోనే మొదలుపెట్టినవాడు ఆ మలుపులనే భాష అనుకునే ప్రమాదం ఉంది.

నెమ్మదిగా చదివిన పాఠాలు విసుగు పుట్టిస్తాయన్న మాటను కాదనలేను. అయినా నా ఓటు వాటికే. ఆచారాన్ని వివరించేవారు సహజంగానే ‘కిరీటం అల్లాలి, నెగడు వేయాలి, మంట మీదుగా దూకాలి, సూర్యోదయం దాకా మేలుకోవాలి’ అంటూ చెబుతారు. ఈ విధ్యర్థం లాత్వియన్‌లో క్రియ ముందు చేరే ‘యా’ అనే ఉపసర్గతో ఏర్పడుతుంది: ‘యాపిన్’ అంటే అల్లాలి, ‘యాలెత్స్’ అంటే దూకాలి. సాధారణంగా మాట మొదటి అక్షరం మీదనే ఊనిక పడే భాష కావడంతో, ఈ ‘యా’ దీర్ఘంగా, స్పష్టంగా వినబడి, వాక్యంలో చేయవలసిన పని ఎక్కడుందో ముందే పట్టిస్తుంది. చేయవలసిన మనిషి చతుర్థిలో, అల్లవలసిన కిరీటం ప్రథమలో వస్తాయి; ‘నాకు పుస్తకం కావాలి’ అనే తెలుగువారికి ఈ కూర్పు వింతగా తోచదు.

వీటిలోనూ జున్ను తయారీ వర్ణించే పాఠాన్ని మొదట వినమంటాను. పాలు, విరుగుడు ముద్ద, గుడ్లు, వెన్న, ఉప్పు, క్యారవే గింజలు ఒక వరుసలో వస్తాయి, కాచడం, కలపడం, వడగట్టడం అనే క్రియలు వాటి వెంటే నడుస్తాయి. ఒక మాట జారిపోయినా తరువాతి పని దాన్ని ఊహకు అందిస్తుంది. నడిరాత్రి ఫెర్న్ పువ్వు కోసం అడవికి వెళ్ళే కథలో ఈ సౌకర్యం ఉండదు, ఎందుకంటే ఫెర్న్ మొక్కకు పువ్వే పూయదు. లేని పువ్వు గురించిన చతుర సంభాషణ కొత్త చెవికి అందదు.

పెద్దల సంభాషణలు అన్నిటికంటే ఆలస్యంగా వినదగినవి. లాత్వియన్ మాండలికాల్లో ఒకటైన లివోనియన్ మాండలికంలో మాట చివరి హ్రస్వాలు రాలిపోతాయి, లాట్గలె ప్రాంతంలో అచ్చులే మారిపోతాయి. రీగాలో నేర్చిన లాత్వియన్‌తో వాటిని విని నిరాశపడనక్కరలేదు.

లక్ష్యాన్ని బట్టి ఈ వరుస కొంత మారుతుంది. శాశ్వత నివాసానికి ఏ2 (ప్రాథమిక) స్థాయి భాషా పరీక్ష రాయబోయేవారు పాటలను పక్కన పెట్టవచ్చు. అందులోని వినికిడి భాగానికి మామూలు మాటలే కావాలి. జూన్ 23 రాత్రి ఎవరి తోటకైనా వెళ్ళబోయేవారికి మాత్రం పాటలు తప్పవు. గుంపులు ఒకరినొకరు పాటతో ఎగతాళి చేసుకునే ఆచారం అక్కడ ఉంది. ఆ వేగాన్ని అందుకోవడానికి ముందు వారాల్లో పాఠాలు వినాలి, చివరి కొన్ని రోజుల్లో పాటలు. ఆ రాత్రికి పల్లవి అందుకోగలిగితే గుంపులో కలిసిపోవచ్చు.