బిట్టుకు గ్రీజా, ఆయిలా, నీళ్లా: ఏది మేలు?

పోయిన ఎండాకాలం ప్రొద్దుటూరులో మా చిన్నాయన ఇంటి పిల్లర్‌కు గేటు క్లాంపు బిగించాలని హ్యామర్ డ్రిల్లు (తిప్పుతూ సుత్తిలా కొట్టే మిషన్) పెట్టినాం. నాలుగో బొక్కకే బిట్టు (మిషన్‌కు తగిలించి బొక్క వేసే మెలికల కడ్డీ) మొన కమిలింది. పక్కనున్న పిల్లోడు "అన్నా, రోంత ఇంజినాయిల్ పోద్దునా?" అన్నాడు. పోయమన్నా. రెండు నిమిషాల్లో దుమ్మూ ఆయిలూ కలిసి నల్లటి ముద్దయి, బిట్టు మెలికల్లో కూరుకుపోయింది. బిట్టు లోపలే బిగుసుకుంది. చివరికి చక్ (బిట్టును పట్టుకునే మిషన్ మూతి) వదిలించి మిషన్ పక్కన పెట్టి, పైపు రెంచితో వెనక్కి తిప్పి తిప్పి తీసినాం.

ఇనుముకు ఆయిల్ వేస్తారు కదా, కాంక్రీటుకు ఎందుకు వద్దంటే, ఇనుమును బిట్టు కోస్తుంది. కాంక్రీటును కోయదు, కొట్టి నలగ్గొడుతుంది. ఆ పొడి మెలికల వెంట బయటికి రాలాల. తడి తగిలితే రాలదు. పైగా బొక్కలో ఆయిల్ ఉంటే క్లాంపును పట్టే యాంకర్ బోల్టు పట్టు తప్పుతుంది. అందుకే మొన దగ్గర ఆయిల్ నా లెక్కలో సున్నా.

గ్రీజు సంగతి వేరు. అది మొనకు కాదు, తోకకు, అంటే చక్‌లోకి దూరే వెనక కొసకు. హ్యామర్ డ్రిల్లుకు వాడే ఎస్‌డీఎస్ ప్లస్ రకం బిట్టు తోక 10 మిల్లీమీటర్ల లావు, నాలుగు గాళ్లుంటాయి. చక్ దాన్ని బిగించి పట్టుకోదు. అది లోపల ముందుకూ వెనక్కీ జారుతూ, నిమిషానికి సుమారు 4,000 దెబ్బలు తింటుంది. ఎండు ఇనుము మీద ఇనుము రాపిడి పడితే బిట్టు తోకా, చక్కూ రెండూ అరుగుతాయి. పాత గుడ్డతో దుమ్ము తుడిచి, శనగ గింజంత గ్రీజు తోకకు రాస్తే చాలు. ఎక్కువ పూస్తే దుమ్ము అంటుకుని చక్‌లోకే పోతుంది. బిట్టు గ్రీజు ట్యూబు దొరకనప్పుడు నేను బేరింగ్ గ్రీజే వాడినా, ఇంతవరకు ఇబ్బంది రాలా. గుండ్రటి తోక బిట్టుకు మాత్రం గ్రీజు పూయొద్దు. తాళంతో బిగించే మూడు పళ్ల చక్‌లో అది జారి ఊరికే తిరుగుతుంది.

ఇక నీళ్లు. మొనలో ఉండేది టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క, ఉక్కుకు అతికించింది. కాలిన మొనను బకెట్లో ముంచితే చుయ్యిమంటుంది, కార్బైడ్‌కు సన్న పగుళ్లు పడతాయి, అతుకూ వదలొచ్చు. కరెంటు మిషన్ పక్కన నీళ్లంటే ప్రాణానికే ముప్పు. మరి చల్లబరచడం ఎట్లా? నాలుగు సెకన్లకోసారి బయటికి లాగి, పొడి రాల్చి, గాలిలో ఊరికే తిప్పితే చాలు. కమ్మి తగిలినప్పుడు బలవంతం చేసినారా, మొన పోయినట్టే.

నీళ్లకు చోటు లేదని కాదు. గ్రానైట్ గట్టుకు 35 మిల్లీమీటర్ల కుళాయి బొక్క వేయాలంటే డైమండ్ కోర్ బిట్టు (అంచుకు వజ్రపు పొడి ఉన్న గొట్టం లాంటిది) కావాల. దానికి నీళ్లు తప్పవు, హ్యామర్ ఆపేయాల. చుట్టూ మైదా పిండితో చిన్న గట్టు కట్టి లోపల నీళ్లు పోస్తే వంటిల్లంతా బురద కాదు. మిషన్ మీద చుక్క పడకుండా చూసుకోవాల.

మన నాపబండకు ఇంత హడావిడి అక్కర్లేదు. అది సున్నపురాయి, గ్రానైట్ కంటే బాగా మెత్తన. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి, హ్యామర్ పెడితే కింద పొర పెచ్చులు లేస్తుంది. హ్యామర్ ఆపి, కింద చెక్క ఆనించి, మెల్లగా తిప్పితే చాలు, గ్రీజు తోకకు తప్ప ఏమీ వద్దు. ఏ రాయైనా ముక్కుకు మాస్కు మాత్రం మర్చిపోవద్దు. కాంక్రీటు, గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది.

చిన్నాయన పిల్లర్ మీద ఆయిల్ మరక ఇంకా ఉంది. రెండు కోట్లు రంగేసినా లోపల్నించి పసుపుగా తేలుతానే ఉంది. ఇప్పుడు దాని మీద క్యాలెండర్ తగిలించినారు.