కృష్ణ దాటిన ఆకుపచ్చ: రాయల కళింగ దండయాత్ర గోడపటం

నెల్లూరు ట్రంకు రోడ్డు పుస్తకాల కొట్లలో గ్రూప్స్ మెటీరియల్ పక్కన ఈమధ్య వేలాడుతున్న పటం ఇది. వెడల్పు 40 అంగుళాలు, ఎత్తు 28. మామూలు కాగితానిది 220 రూపాయలు, లామినేషన్ చేసినది 380. సెంటీమీటరుకు 15 కిలోమీటర్ల కొలత. ఉదయగిరి నుంచి కొండవీటికి స్కేలు పెడితే 12 సెంటీమీటర్లు దాటుతుంది, కాబట్టి కొలత వరకు నమ్మొచ్చు.

బంగాళాఖాతం ఖాళీ జాగాలో వేసిన ఉదయగిరి కొండ చిన్నపటానికే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఉదయగిరి అంటే చెక్క గరిటెలే గుర్తొచ్చే పిల్లలకు, 3,079 అడుగుల ఆ కొండ ఏడాదిన్నర పాటు రాయల సేనను ఎలా ఆపిందో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. కోటలో ఉన్న ఒడిశా గజపతుల బలగం 10,000 కాల్బలం, 400 గుర్రాలేనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అడ్డు పడింది బలగం కాదు, మనిషి వెనక మనిషి నడవాల్సిన ఇరుకు దారి. బండలు పగలగొట్టించి బురుజుల దాకా కొత్త దారి వేయిస్తే గానీ 1514లో కోట దక్కలేదు. పటంలో ఆ దారిని చుక్కల గీతగా వేసి పక్కన 'అంచనా' అని రాశారు. ఆ నిజాయితీ మిగతా పటానికి లేదు.

అసలు తప్పు రంగులో ఉంది. హంపి నుంచి సింహాచలం దాకా మొత్తం ఒకే ఆకుపచ్చ, 'విజయనగర విస్తరణ' అని శీర్షిక. రాయలు సింహాచలం చేరిన మాట నిజమే, 1516 శాసనం అక్కడే ఉంది. విశాఖ దగ్గరి పొట్నూరులో జయస్తంభం వేయించిన మాటా నిజమే. కానీ ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతితో సంధి కుదిరి, గజపతి కూతురిని పెళ్లాడాక, కృష్ణకు ఉత్తరాన గెలిచినదంతా తిరిగి ఇచ్చేశాడు. కొండపల్లి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. సైన్యం నడిచిన చోటు వేరు, చేతిలో మిగిలిన నేల వేరు. మిగిలింది ఉదయగిరి, కొండవీడు సీమలు. ఉదయగిరి మీద రాయసం కొండమరుసయ్యను, కొండవీటి మీద సాళువ తిమ్మరుసును అధికారులుగా పెట్టాడు. ఈ పేర్లు పటంలో ఎక్కడా లేవు. హంపి కృష్ణాలయం బొమ్మ మాత్రం అరచేయంత ఉంది. అందులో నిలిపిన బాలకృష్ణ విగ్రహం ఉదయగిరి నుంచే వెళ్లిందని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ బొమ్మకైనా అర్థముండేది.

బాణం గుర్తులు ఇంకో లోటు. ఉదయగిరి నుంచి కొండవీటికి ఒకటే గీత. మధ్యలో పట్టిన అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ ఎగిరిపోయాయి. చుట్టూ కోటలు పోయాక ఒంటరైన కొండవీడు 1515 జూన్‌లో పడింది. ఒక్క గీతతో ఆ ఎత్తుగడ ఎవరికీ తెలియదు. పైగా ఒడిశాలో భువనేశ్వర్ దగ్గరి గుహల ఉదయగిరిని కూడా అదే ఎర్ర చుక్కతో, అదే అక్షరాలతో వేశారు. పరీక్షకు చదివేవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

యుద్ధానికి కారణం చెప్పే పెట్టె 1513 నుంచే మొదలవుతుంది. గజపతుల వంశం మొదలుపెట్టిన కపిలేంద్రుడి కాలం నుంచి వాళ్లు ఇటు దిగడం, ఉదయగిరిని తిరిగి సాధించలేకే రాయలకు ముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు కన్నుమూయడం లేకుండా రాయలు ఉన్నట్టుండి దండెత్తినట్టు కనిపిస్తుంది.

కొనేవాళ్లు కాగితం రకమే తీసుకోండి. లామినేషన్ మీద ట్యూబులైటు పడితే సగం ఊళ్లు కనబడవు, దిద్దుకోవడమూ కుదరదు. కాగితం మీదైతే కృష్ణానది వెంట పెన్సిలుతో గీత లాగి, పైభాగానికి ఏటవాలు గీతలు కొట్టి, 'గెలిచి తిరిగి ఇచ్చినది' అని రాసుకుంటే సరిపోతుంది. నెల్లూరు వైపు ఉదయగిరి చుక్కకు సున్నా చుట్టి 'కోట' అనీ, రెండోదానికి 'గుహలు' అనీ రాయండి. కింది కర్ర పట్టీ మరీ తేలిక, ఫ్యాను గాలికి పటం కొట్టుకుంటుంది, రెండు మూలలా మేకు కావాలి. అక్టోబరు నుంచి వానల్లో గోడ చెమ్మకు అంచులు చుట్టుకుపోతాయి, వెనక అట్ట పెట్టండి. కొట్టువాళ్లు నాలుగు మడతలు పెట్టి ఇస్తే వద్దనండి. సరిగ్గా ఉదయగిరి చిన్నపటం మీదే ఒక మడత పడుతుంది.